సజ్జ లేని వరస

2021లో వానాకాలం ముగుస్తున్న రోజుల్లో, సూరత్‌లో పవర్‌లూమ్ షెడ్ల మధ్య నుంచి పోయే ఒక ఇరుకు రోడ్డును వెడల్పు చేయడానికి కొలతల పని మా సంస్థకు వచ్చింది. మాది ప్రైవేటు సర్వే సంస్థ. నేను అందులో సీనియర్ సర్వేయర్‌ని. నా పైన చీఫ్ సర్వేయర్ హిరేన్‌భాయ్. ఆయన సూరతీ మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న. పదవీ విరమణకు దగ్గర పడ్డాను కాబట్టి ఈ పని నాకు అప్పగించరనే అనుకున్నాను. కానీ టెండరులో ఒక షరతు ఉంది: ఇళ్ళ మధ్య కొలిచే ప్రతి బృందంలోనూ మహిళా సర్వేయర్లు ఉండి తీరాలి. సంస్థ మొత్తం వెతికితే నేనూ, శిరీష అనే కుర్రపిల్లా ఇద్దరమే తేలాం.

గోదావరి జిల్లాలో సివిల్ డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక సూరత్ వచ్చి, ఆల్థాన్‌లో కాపురం పెట్టినదాన్ని నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సర్వే అంటే ఎండలో నిలబడే పని, ఆడవాళ్ళకెందుకని నన్ను చాలా ఏళ్ళు నీడలోనే కూర్చోబెట్టారు. మగవాళ్ళు కొలుచుకొచ్చిన అంకెలతో పటాలు గీయడం నా పని. ఎండలో వాళ్ళు చేసిన తప్పులన్నీ నీడలో నా పటం మీద తేలేవి. ఆ విధంగా నాకు కోపమూ వచ్చింది, పనీ వచ్చింది. తర్వాత ఫీల్డుకు పంపారు గానీ, ఇలాంటి షరతులున్న టెండర్లలో మాత్రం కాగితం మీద నా పేరు, రోడ్డు మీద ఇంకెవరో ఉండటం మామూలే.

ఈసారి అలా కుదరలేదు. రెండో విడత కరోనాలో హిరేన్‌భాయ్ ఆసుపత్రి పాలై బయటపడ్డాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మిగతా సర్వేయర్లలో ఇద్దరు ఇంకా ఇళ్ళలోనే ఉన్నారు. అందుచేత ఆఫీసులో ఉండి లెక్కలు చూసే పని ఆయనకూ, రోడ్డు మీద పని నాకూ శిరీషకూ వచ్చాయి. శిరీష మా డ్రోన్ పైలట్. వాళ్ళ నాన్న సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన మనిషి. ఈ పిల్ల పుట్టింది, చదివింది సూరత్‌లోనే. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి, హిందీ మీదుగా వెళ్ళి గుజరాతీలో దిగేది. ఆ ఏడే ప్రభుత్వం డ్రోన్ల నిబంధనలు సడలించడంతో చిన్న సంస్థలకు కూడా ఈ పరికరం అందుబాటులోకి వచ్చింది. శిరీష శిక్షణ పొంది లైసెన్సు తెచ్చుకున్నాక, పూర్వం మేం వారం పాటు గొలుసులూ టేపులూ పట్టుకు తిరిగిన పని ఒక పూటలో అయిపోతుంటే, నాకు ముచ్చట వేసింది. కాస్త అసూయ కూడా వేసింది.

పని పద్ధతి క్లుప్తంగా చెబుతాను. రోడ్డు వెంట కొన్ని స్థిర బిందువులు ఎంచుకుని, ఉపగ్రహాల సంకేతాలతో వాటి స్థానం సెంటీమీటర్ల వరకు తేలుస్తాం. వాటి మీద రంగుతో గుర్తులు వేస్తాం. డ్రోన్ పైనుంచి ఒకదాని మీద ఒకటి పడేలా వందల ఫొటోలు తీస్తుంది. కంప్యూటరు ఆ గుర్తుల ఆధారంగా ఆ ఫొటోలను అతికించి పటం చేస్తుంది. ఆ పటం మీద కొత్త రోడ్డు అంచు గీస్తాం. దాన్ని సూరత్‌లో లైన్‌దోరీ అంటారు. లైన్‌దోరీ దాటి ముందుకొచ్చిన కట్టడం కపాత్‌లో పడినట్టు, అంటే కోతలో పోయినట్టు. దోరీ అంటే దారమే. రోజంతా దారంతో బతికే ఆ వాడలో ఆ మాట వింటే మాత్రం అందరికీ గుండె దడే.

డ్రోన్‌తో ఒక చిక్కుంది. అది పైనుంచి చూస్తుంది కాబట్టి దానికి ఇంటి కప్పు కనిపిస్తుంది, గోడ కనిపించదు. గోడ దాటి బయటికొచ్చిన కప్పు అంచును హిందీలోనూ గుజరాతీలోనూ ఛజ్జా అంటారు. మా గోదావరి వైపు సజ్జ అంటాం. పటంలో కనబడే అంచు నుంచి ఈ ఛజ్జా ఎంత ముందుకొచ్చిందో తీసేస్తే అసలు గోడ ఎక్కడుందో తెలుస్తుంది. మామూలు రోజుల్లో అయితే ఇంటింటికీ వెళ్ళి టేపుతో కొలుస్తాం. అప్పుడు పగటిపూట ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు మాత్రమే ఉండేవారు, మగవాళ్ళు షిఫ్టుల్లో. జబ్బు భయంతో కొత్త మగమనిషిని గడప తొక్కనిచ్చేవారు కాదు. తప్పు పట్టలేం. అందుకని వివరాలన్నీ ఫోన్లో అడగాలని ఆఫీసులో నిర్ణయించారు. హిరేన్‌భాయ్ కూర్చుని వరసగా ఫోన్లు చేశాడు. "ఛజ్జా హై క్యా? కిత్నా బాహర్ హై?" ఛజ్జా ఉందా, ఎంత బయటికుంది, ఇదీ ప్రశ్న. చెప్పిన కొలత తీసేసి, గోడల పటం తయారుచేసి, కపాత్‌లో పడే ఇళ్ళ ముసాయిదా జాబితా నగరపాలక సంస్థకు పంపించాం. అభ్యంతరాలకు కొద్దిరోజుల గడువిచ్చి, ఆ జాబితాను వీధి మొగలో అంటించారు.

రోడ్డు పొడుగునా ఎక్కడో ఒకటీ అరా ఇల్లు పడింది. కానీ ఒకచోట మాత్రం వరసకు వరసే పడింది. ఒకదానికొకటి ఆనుకుని కట్టిన రేకుల ఇళ్ళు, అన్నీ తెలంగాణ నేత కుటుంబాలవి. అన్ని ఇళ్ళ వాళ్ళూ ఛజ్జా లేదనే చెప్పారు కాబట్టి, పటంలో కనబడిన కప్పు అంచునే గోడగా లెక్కేశాం. నాకది వింతగా తోచి హిరేన్‌భాయ్‌ని అడిగితే, అందరివీ ఒకే మేస్త్రీ కట్టి ఉంటాడు పద్మాబెన్, ఖర్చు తగ్గించి ఉంటాడు అన్నాడు. అది కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

జాబితా అంటించిన మర్నాడు ఆఫీసుకు ఒక ఫోన్ వచ్చింది. తెలుగు తెలిసిన పెద్ద మేడంని పిలవమని ఒకావిడ గట్టిగా అడుగుతోందని శిరీష ఫోన్ నా చేతికిచ్చింది. ఆవిడ పేరు రాజవ్వ. ఆ వరసలో నడుమ ఇల్లు. కొట్లాడుతుందని సిద్ధపడ్డాను. ఆవిడ కొట్లాడలేదు.

"మేడమ్మా, మా గోడ ఎన్నడు కూలగొడ్తరు? జర ముందుగాల చెప్పుండ్రి. ముంగట అర్రల కండెల మిషన్లున్నయి, తీసుకోవాలె" అంది.

మగ్గానికి ఎక్కించే ముందు దారాన్ని కండెలకు చుడతారు. రాజవ్వా ఆవిడ కోడలూ ఇంటి ముందు గదిలో ఆ పని చేస్తారు. కొడుకు షెడ్డులో మగ్గం నడుపుతాడు. లాక్‌డౌన్లో ముగ్గురూ ఊరికి పోయి, అక్కడ పని దొరక్క తిరిగొచ్చి, ఉన్న ఒక మిషనుకు తోడు రెండోది పెట్టుకున్నారు. ముందు గోడ పోతే మిగిలే స్థలం నివాసానికి చాలదు కాబట్టి, నియమం ప్రకారం ఇల్లు మొత్తం తీసుకుని, ఊరికి ఆ చివర కోసాడ్ కాలనీలో ఫ్లాట్ ఇస్తారు. అది చెప్పాను. మంచి పక్కా ఇల్లు అని కూడా అన్నాను. అంత దూరం తనకు దారం ఎవరు తెచ్చిస్తారు, మేడ మీద మిషన్ నడిపితే కింది వాళ్ళు ఊరుకుంటారా అని రాజవ్వ అడిగింది. పోనీ అభ్యంతరం రాసివ్వండి అన్నాను. "ఏమని రాయాలె? మీరే కొలిసిండ్రు గదా" అంది. ఆ మాట నన్ను ఆ రోజంతా వదల్లేదు.

గడువు ముగిసేలోపు లైన్‌దోరీని నేల మీద గుర్తు పెట్టాలి. జాబితాలో పడిన గోడల మీద ఎర్ర రంగుతో గీత వేయాలి. ఆ రంగు డబ్బా పట్టుకుని నేనూ శిరీషా ఆ గల్లీకి వెళ్ళాం. ఇద్దరికీ మాస్కులు. నా కళ్ళద్దాలకు ప్రతి రెండు నిమిషాలకూ ఆవిరి. చుట్టూ మగ్గాల చప్పుడు ఎంతగా ఉంటుందంటే, పక్కనున్న మనిషితో కూడా కేకేసి మాట్లాడాలి. గల్లీ చివర టోటల్ స్టేషన్ నిలబెట్టాం. కోణాన్నీ దూరాన్నీ కలిపి కొలిచే యంత్రం అది. దానికి లైన్‌దోరీ మీది ఒక బిందువు అంకెలు ఇస్తే, అది నేల మీద ఎక్కడ పడుతుందో చూపిస్తుంది. శిరీష అద్దం కట్టిన కర్ర పట్టుకుని నేను చెప్పినట్టు ముందుకీ వెనక్కీ జరుగుతూ వెళ్ళింది. రాజవ్వ ఇంటి దగ్గర ఆగింది.

పటం ప్రకారం ఆ బిందువు రాజవ్వ ముందు గదిలో, మిషన్ల మధ్య పడాలి. శిరీష మాత్రం గది బయట, మురుగు కాలువ మీది బండ మీద నిలబడి ఉంది. గోడకూ ఆమెకూ మధ్య ఇంకా జాగా ఉంది.

ఇలాంటప్పుడు సర్వేయరు సంతోషించకూడదు. ముందు తన యంత్రాన్ని అనుమానించాలి. యంత్రం కదిలిందేమోనని వెనక్కి తిప్పి, కల్వర్టు మీద మేకు కొట్టిన స్థిర బిందువును మళ్ళీ చూశాను. సరిపోయింది. రెండో స్థిర బిందువునూ చూశాను. అదీ సరిపోయింది. శిరీష కర్రను కదలనివ్వకుండా పట్టుకుని నా వంక చూసింది. "మేడం, నా ఫ్లైట్‌లో గల్తీ అయిందా?" అంది. డ్రోన్ పటమే జరిగిపోయి ఉంటే రోడ్డంతా మళ్ళీ చేయాలి, నింద ఆ పిల్ల మీదే పడుతుంది. నేను పటంలో స్పష్టంగా కనబడే ఒక చేతిపంపును చూసి, దాని అంకెలు నేల మీద సరిచూశాను. రవ్వంత కూడా తేడా లేదు. యంత్రం సరిగ్గా ఉంది, పటం సరిగ్గా ఉంది. గోడ మాత్రం ఉండాల్సిన చోట లేదు.

అప్పుడు శిరీష దగ్గరికి వెళ్ళి తలెత్తి చూశాను. నా నెత్తి మీద రేకులున్నాయి. రాజవ్వ ఇంటి కప్పు గోడ దాటి, శిరీష నిలబడిన బండ దాటి, ఇంకా ముందుకొచ్చి ఉంది. వరస మొత్తం అంతే.

రాజవ్వ గుమ్మంలోనే నిలబడి మా రంగు డబ్బా వంక చూస్తోంది. నాకు నిజంగానే కోపం వచ్చింది. "రాజవ్వగారూ, ఫోన్లో అడిగితే ఛజ్జా లేదన్నారటగా?" అని అరిచాను.

"లేదమ్మా. ఉండె గని, తీసేసినం" అంది.

"మరి ఇదేంటి?" అని పైకి చూపించాను.

ఆవిడ పైకి చూసింది, నా వంక చూసింది. "గది సూరు గదా! సూరును సజ్జ అంటరా ఎవలన్న?" అంది. అని ఊరుకోలేదు. నన్ను లోపలికి రమ్మని పిలిచి, ముందు గది గోడకు తల ఎత్తున ఉన్న ఒక చారను చూపించింది. కొత్తగా సిమెంటు పూసిన చార. "గిదీ సజ్జ. బొంతలు, గిన్నెలు పెట్టుకుంటుంటిమి. రెండో మిషన్ తెచ్చినంక తలకు తాకుతుందని తీసేసినం. ఫోన్ల గా సార్ అడిగిండు, లేదని చెప్పిన. అబద్ధం చెప్తనా?"

మా వైపు దాన్ని అటక అంటాం. తెలంగాణలో గోడలోంచి ముందుకొచ్చిన అటకలాంటి పలకను సజ్జ అంటారు, బయటికొచ్చిన కప్పు అంచును సూరు అంటారు. హిరేన్‌భాయ్ ఛజ్జా అన్నాడు, వీళ్ళకు అది సజ్జగా వినిపించింది. ఆ వరసలో కొందరు సజ్జ కట్టుకోనేలేదు, మిగతావాళ్ళు మిషన్లకు అడ్డమని తీసేశారు, అందుకే అందరూ లేదన్నారు. గుజరాతీ వాళ్ళూ, హిందీ వాళ్ళూ సరిగ్గా కొలతలు చెప్పారు. ఈ వరస ఒక్కటే సజ్జ లేని వరస అయింది. హిరేన్‌భాయ్‌ని అనడానికీ లేదు. ఆ ఫోన్లు నేను చేసి ఉంటే, ఛజ్జా అనకుండా చక్కగా మా ఊరి తెలుగులో సజ్జ ఉందా అని అడిగేదాన్ని. అప్పుడు ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు.

అన్నిటికంటే విచిత్రం శిరీష సంగతి. ఆమెకు రెండూ తెలుసు. ఆఫీసులో ఛజ్జా అంటే బయటి అంచు. ఇంట్లో సజ్జ అంటే వాళ్ళమ్మ బొంతలు పెట్టుకునేది. "రెండూ ఒక్క తీర్గనే ఉన్నయని నాకెప్పుడు దిమాగ్‌ల రాలే మేడం" అని గోడకు ఆనుకుని పగలబడి నవ్వింది. తప్పు తన డ్రోన్‌ది కాదని తేలినందుకే అంత నవ్వు అని నాకు అర్థమైంది. నాకూ నవ్వొచ్చింది. రాజవ్వ మాత్రం నవ్వలేదు. ఆవిడకు ఇంకా ఏమీ తేలలేదు కదా.

"ముందు కొలవనివ్వండి, అప్పుడు చెబుతాను" అన్నాను. గోడ ఎక్కడుందో బయటి నుంచి కొలవడం కుదరలేదు. నీళ్ళ డ్రమ్ములూ, టార్పాలిన్లూ, దారం సంచులూ అడ్డం. అందుకని లోపలికి వెళ్ళి, వెనక గోడ నుంచి ముందు గోడ దాకా టేపు పట్టి, తలుపు దగ్గర గోడ మందం చూసి కలుపుకున్నాం. వంటింట్లోంచి, దేవుడి గూటి పక్క నుంచి, పడుకున్న చంటిపిల్ల మీదుగా టేపు పోవాలి. శిరీష ప్రతి ఇంటి ముందూ నిలబడి, "పెద్దమ్మా, జర లోపటికి రావచ్చునా?" అని అడిగేది. ఒక్క ఇంట్లోనూ కాదనలేదు. పైగా ఒకావిడ మా ఇద్దరి చేతుల మీదా శానిటైజరు పోసి, మా టేపుకు కూడా పూసింది.

లెక్క తేలేసరికి మధ్యాహ్నం దాటింది. రాజవ్వ గోడకూ లైన్‌దోరీకీ మధ్య జానెడు జాగా మిగిలింది. మా కొలతలో ఉండగల తప్పు అందులో చాలా చిన్న భాగం. గోడకు ఢోకా లేదు. మిగతా ఇళ్ళు కూడా బయటపడ్డాయి, చివరి ఇంటి మెట్లు తప్ప. ఆ మెట్లు నిజంగానే రోడ్డులో ఉన్నాయి, వాటిని నేను కాపాడలేకపోయాను. రోడ్డు మీదికి వచ్చిన సూరును మాత్రం అందరూ కత్తిరించుకోవాల్సిందే. అది చెబితే రాజవ్వ, "సూరు పోతె పోనీ తియ్. వానకు జర తడుస్తం, గంతే గద" అంది. అప్పుడు కూర్చుంది, గుమ్మంలోనే. నేను ఎర్ర రంగు డబ్బా మూత తీయకుండానే వెనక్కి తెచ్చాను.

అయితే మా కొలత మాత్రమే చాలదు. చీఫ్ సర్వేయర్ ఒప్పుకుని సంతకం పెట్టాలి, పైవాళ్ళు ఆమోదించాలి. హిరేన్‌భాయ్ మా అంకెలను రెండుసార్లు సరిచూశాడు. సజ్జ, ఛజ్జా మాటల సంగతి చెప్పాను. "వాళ్ళంతా ఒకే జవాబు ఇచ్చినప్పుడే నేను ఆగాల్సింది, మీరు అడిగారు కూడా" అన్నాడు. అంత మాట అనే చీఫ్‌లు తక్కువ. ఆ సాయంత్రమే ఫోన్ ప్రశ్నల కాగితంలోంచి ఛజ్జా అనే మాట కొట్టేసి, దాని బదులు ఇలా రాశాం: వాన పడినప్పుడు నీళ్ళు మీ గోడకు ఎంత దూరంలో కారుతాయి? ఆ ప్రశ్నకు ఏ భాష వాళ్ళయినా చేయి చాచి దూరం చూపిస్తారు. వీలైన చోట ఫోను పక్కన పెట్టి, మహిళా సర్వేయరు స్వయంగా వెళ్ళి చూడాలని కూడా రాశాం. సంస్థ ఆ తర్వాత ఇంకో ఇద్దరు అమ్మాయిల్ని ఫీల్డు పనికి తీసుకుంది. షరతు కోసమే తీసుకున్నారో, అవసరం తెలిసి తీసుకున్నారో నేను అడగలేదు. వాళ్ళు ఎండలోనే పనిచేశారు.

కొన్నాళ్ళకు తుది జాబితా ఆమోదమై వచ్చింది. ఆ వరస అందులో లేదు. కబురు నేనే చెప్పాలనిపించి రాజవ్వకు ఫోన్ చేశాను. ఎంత సంతోషంతో చెప్పానో నాకిప్పటికీ గుర్తే: "రాజవ్వగారూ, లిస్టు వచ్చింది. అందులో మీ పేరు లేదు!"

అవతల మిషన్ చప్పుడు ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, "లేదా? ఎప్పటి తీర్గనే అయిందా మేడమ్మా. రేషన్ లిస్టుల గింతే, లాక్‌డౌన్ల రైలు లిస్టుల గింతే. మా పేరు ఎన్నడుండె?" అంది.

గబగబా చెప్పాను: "అది కాదు, అది కాదు. కూల్చే ఇళ్ళ లిస్టులో మీ పేరు లేదు. మీ గోడ ఎవరూ ముట్టుకోరు. మీ ఇల్లు మీకే ఉంటుంది, మిషన్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి."

"గట్ల చెప్పు మరి!" అని నన్ను తిట్టినంత పని చేసింది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. వెనక కోడలితో ఏదో అంది. మిషన్ మళ్ళీ మొదలైంది.

ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఇది. కొలతలో తప్పుందని అనుమానం వస్తే యంత్రాన్ని వెనక్కి తిప్పి చూసుకునే పద్ధతి మా వృత్తిలో ఎప్పటి నుంచో ఉంది. మాటకు కూడా ఆ పద్ధతి ఉండాలి. ఎదుటి మనిషి అవునన్నా కాదన్నా అది ఇంకా కొలత కాదు. చెప్పినదాన్ని చూపించమని అడగాలి, మనం చెప్పినది ఏం అర్థమైందో తిరిగి చెప్పమనాలి. చూపించడానికి ఇంటివాళ్ళు లోపలికి రానిచ్చే మనిషి సర్వే బృందంలో ఉండాలి. అలాంటి మనిషి లేని బృందం ఎంత మంచి డ్రోన్‌తో వెళ్ళినా కప్పులు మాత్రమే కొలుచుకుని వస్తుంది.